ఒక అగ్రిమెంటు, రెండు ఫైళ్లు: 420 కేసు కొట్టేయించిన అఫిడవిట్టే సివిల్ కేసులో మాకు ఎదురొచ్చింది

భూమి అమ్మకం అగ్రిమెంటు ఒక్కటే. దాని మీద గుంటూరు జిల్లాలో ఒక సివిల్ దావా, ఒక చీటింగ్ కేసు పుట్టాయి. రెండూ వేర్వేరు దారుల్లో హైకోర్టుకి వచ్చి, మూడేళ్ల తేడాతో రెండు వేర్వేరు బెంచీల ముందు తేలాయి. హైకోర్టులో రెండింటిలోనూ ఆ కుటుంబం తరఫున నేనే వాదించాను. ఒకటి గెలిచాం. రెండో దాంట్లో భూమి నిలబెట్టుకున్నాం గానీ డబ్బు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది, అలా ఇవ్వాల్సి రావడానికి కారణం మొదటి కేసులో నేను రాసిన ఒక పేరా. క్లయింటు అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు, సర్వే నంబరు, కేసు నంబర్లు కావాలనే వదిలేశాను.

సంగతి 2014 జూన్‌లో మొదలైంది. రాష్ట్రం అప్పుడే విడిపోయింది, రాజధాని ఎక్కడొస్తుందో ఎవరికీ తెలియదు. మా క్లయింటు అరవై దాటిన ఆవిడ, భర్త లేరు, ఇద్దరు కొడుకులు. ఆవిడ పేరు మీద 1 ఎకరం 60 సెంట్ల పొలం ఉంది. ఎకరం 25 లక్షల చొప్పున మొత్తం 40 లక్షలకి బేరం కుదిరింది. అడ్వాన్సు 10 లక్షలు, అందులో 4 లక్షలు చెక్కు, 6 లక్షలు నగదు. మిగతా 30 లక్షలు ఆరు నెలల్లో ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 100 రూపాయల స్టాంపు కాగితం మీద డాక్యుమెంట్ రైటర్ రాశాడు, కొడుకులిద్దరూ సాక్షులుగా సంతకాలు పెట్టారు, అగ్రిమెంటు రిజిస్టర్ చేయలేదు, స్వాధీనం ఇవ్వలేదు.

స్వాధీనం ఇవ్వలేదన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మన దగ్గర స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అగ్రిమెంటుకి స్టాంపు చట్టం షెడ్యూల్ 1-ఎ, ఆర్టికల్ 47-ఎ కింద సేల్ డీడ్‌కి కట్టినంత డ్యూటీ కట్టాలి, కట్టకపోతే ఆ కాగితం కోర్టులో సాక్ష్యంగా మార్క్ చేసే దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ ఆ గొడవ రాలేదు. రిజిస్టర్ కాకపోయినా రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 ప్రొవైజో, అంటే ఆ సెక్షన్ చివర ఇచ్చిన మినహాయింపు, ఉంది కాబట్టి స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాలో, అంటే ‘అగ్రిమెంటు ప్రకారం రిజిస్టర్ చేయించండి’ అని వేసే దావాలో, అది సాక్ష్యంగా పనికొస్తుంది.

2014 సెప్టెంబర్ 4న రాజధాని విజయవాడ పరిసరాల్లో అని అసెంబ్లీలో ప్రకటన వచ్చింది. ఆ చుట్టుపక్కల భూముల రేట్లు ఎలా లేచాయో గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. జూన్‌లో 25 లక్షలకి ఒప్పుకున్న మనిషి డిసెంబర్‌లో అదే రేటుకి సంతకం పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది, కొన్న మనిషికేమో ఆ కాగితం బంగారంలా కనిపిస్తుంది. ఆ రెండు మూడేళ్లలో ఇలాంటి దావాలు ఎన్ని పడ్డాయో ఆ జిల్లాల్లో ప్రాక్టీసు చేసేవాళ్లందరికీ తెలుసు.

ఆ డిసెంబర్‌లో ఏం జరిగిందన్న దాని మీదే కేసంతా. కొనుగోలుదారు చెప్పేది: డబ్బు సిద్ధం చేసుకుని రెండుసార్లు ఇంటికొచ్చాను, రేటు పెరిగిందని తప్పించుకు తిరిగారు. మావాళ్లు చెప్పేది: ఆయన దగ్గర 30 లక్షలు ఏనాడూ లేవు, అగ్రిమెంటు పట్టుకుని ఇంకొకరికి ఎక్కువకి అమ్మి, వాళ్ల డబ్బుతోనే మాకు ఇవ్వాలని తిరిగాడు, గడువు దాటాక రెండేళ్లు కనిపించనే లేదు. ఆయన లీగల్ నోటీసు పంపింది 2017 ఫిబ్రవరిలో, దావా వేసింది 2017 నవంబర్‌లో. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 54 ప్రకారం అగ్రిమెంటులో గడువు తేదీ రాసుంటే అక్కడి నుంచి మూడేళ్లు, అంటే ఇంకో నెలలో కాలం చెల్లిపోయేది. ఈలోపు 2016లో పెద్దకొడుకు అప్పులు తీర్చడానికి ఆవిడ 60 సెంట్లు వేరే ఆయనకి రిజిస్టర్ చేసి అమ్మేసింది. కొనుగోలుదారుకి కోపం వచ్చింది ఇక్కడ. ఈ రెండో అమ్మకం నుంచే క్రిమినల్ కేసు పుట్టింది.

దావాలో ఆవిడ తరఫున 2018 మధ్యలో దాఖలైన రిటెన్ స్టేట్‌మెంటు, అంటే దావాకి ప్రతివాది ఇచ్చే రాత జవాబు, దాని గురించి ఇప్పుడే చెప్పాలి. ఊళ్లో లాయరు గారు వేసింది. ఐదో పేరాలో ఇలా ఉంది: అది అమ్మకం అగ్రిమెంటే కాదు, 4 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తీసుకున్నాం, హామీగా ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, వాటిని తర్వాత అగ్రిమెంటుగా నింపుకున్నారు, 6 లక్షల నగదు అబద్ధం. మన జిల్లా కోర్టుల్లో ఈ డిఫెన్సు ఎంత మామూలో లాయర్లందరికీ తెలుసు. నిజంగా అలా మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం ఈ డిఫెన్సు ఉండాలి కూడా. కానీ ఈ ఇంట్లో అలా జరగలేదు. చెక్కు 4 లక్షలకి ఉంది కాబట్టి అప్పు 4 లక్షలన్నారు, నగదుకి రసీదు లేదు కాబట్టి లేదన్నారు. కాగితంలో దొరికిన సందుని బట్టి కథ అల్లారు.

2018 చివర్లో కొనుగోలుదారు మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లయింట్ వేసి, అప్పటి సీఆర్‌పీసీ సెక్షన్ 156(3) కింద పోలీసులకి పంపించుకున్నాడు. ఎఫ్ఐఆర్ పడింది, అప్పటి ఐపీసీ 420 (చీటింగ్), 406 (నమ్మకద్రోహం) రెడ్ విత్ 34 (ఉమ్మడి ఉద్దేశం). ఏ-1 ఆవిడ, ఏ-2, ఏ-3 కొడుకులు, ఏ-4 2016లో 60 సెంట్లు కొన్నాయన. ప్రియాంకా శ్రీవాస్తవ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి 156(3) అడిగేవాళ్లు అఫిడవిట్ కూడా వేయాలి, కాబట్టి ఈయన కంప్లయింట్‌కి ప్రమాణపత్రం జత అయింది. ఆ ప్రమాణపత్రం ఆయనకే తగిలిందని తర్వాత చెప్తాను.

కుటుంబం నా ఆఫీసుకి వచ్చింది 2019 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం. ఆంధ్రప్రదేశ్‌కి వేరే హైకోర్టు ఆ జనవరి 1నే మొదలైంది, మేమంతా హైదరాబాద్ నుంచి మకాం మారుస్తున్న రోజులు, సగం పుస్తకాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. సోమవారం స్టేషన్‌కి రమ్మని 41ఏ నోటీసు చేతిలో ఉంది. చిన్నకొడుకు కాంట్రాక్టు ఉద్యోగి, అరెస్టయితే పని పోతుందని ఒకటే టెన్షన్. 420కి శిక్ష ఏడేళ్ల వరకూ కాబట్టి అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం ఊరికే అరెస్టు చేయకూడదు, నోటీసుకి హాజరైతే చాలు అని చెప్పాను గానీ, పోలీస్ స్టేషన్ గడప ఎప్పుడూ ఎక్కనివాళ్లకి ఆ మాట ఏం ధైర్యమిస్తుంది. కాగితాల కట్ట నా టేబుల్ మీద పెట్టారు: ఎఫ్ఐఆర్, కంప్లయింట్, అగ్రిమెంటు, 2016 సేల్ డీడ్, ప్లెయింటు (వాది వేసిన దావా పత్రం). అడుగున రిటెన్ స్టేట్‌మెంటు కూడా ఉంది. దావా పెండింగులో ఉందన్న సంగతి నాకు చాలనిపించి మొదటి పేజీ చూసి తిప్పేశాను. ఐదో పేరా చదవలేదు.

నేను ఆవిడని అడిగింది ఒక్కటే, అసలేం జరిగిందని. ‘అమ్ముదామనే రాశాం బాబూ, పది లక్షలు తీసుకున్నాం, మిగతాది ఇస్తే రిజిస్ట్రేషన్ చేద్దామనే కూర్చున్నాం, ఆయనే రాలేదు’ అంది. ఆ రాత్రి ఆ మాటలతోనే, ఎఫ్ఐఆర్ కొట్టేయమని హైకోర్టుని అడిగే సీఆర్‌పీసీ సెక్షన్ 482 కింద క్రిమినల్ పిటిషన్ తయారు చేశాను, స్టే కోసం వేసే ఐ.ఏ.కి (మధ్యంతర దరఖాస్తుకి) అఫిడవిట్ ఆవిడ పేరుతో రాశాను. నాలుగో పేరా సారాంశం ఇది: 2014 జూన్‌లో అగ్రిమెంటు రాసిచ్చిన మాట, 10 లక్షలు అడ్వాన్సు పుచ్చుకున్న మాట నిజం, అమ్మాలన్నదే అప్పటి ఉద్దేశం, గడువులోగా మిగతా సొమ్ము ఇవ్వనిది ఫిర్యాదుదారే, కాబట్టి ఇది సివిల్ తగాదా మాత్రమే. అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి తెలుగులో చదివి వినిపించాను, ఆవిడ ప్రతి వాక్యానికీ తలూపి, కళ్లజోడు సర్దుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. ‘తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని నిజమని ఒప్పుకున్నారు’ అనే వాక్యం కింద నా సంతకం కూడా ఉంది.

అలా రాయడం న్యాయపరంగా అవసరం కూడా. చీటింగ్ నిలబడాలంటే మోసం చేయాలన్న బుద్ధి మాట ఇచ్చే రోజే ఉండాలి, తర్వాత మాట తప్పడం చీటింగ్ కాదు. హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో 2000లో సుప్రీంకోర్టు దీన్ని తేటగా చెప్పింది. ఆ రోజు మోసపు బుద్ధి లేదని చూపించాలంటే ‘ఆ రోజు నిజంగా అమ్మాలనే అనుకున్నాం’ అని చెప్పడమే దారి. అలా కాకుండా ‘అసలు అగ్రిమెంటే లేదు, ఖాళీ కాగితాలు’ అన్నామనుకోండి, అది సాక్ష్యం విని తేల్చాల్సిన విషయమని, 482లో మేం చూడమని, ట్రయల్లో చెప్పుకోమని జడ్జి గారు పిటిషన్ పక్కన పెట్టేస్తారు. ఒకే నిజానికి క్రిమినల్ కోర్టులో ఒక రకం విలువ, సివిల్ కోర్టులో ఇంకో రకం విలువ. అందుకే ఒకే కుటుంబం నోట రెండు కథలు వస్తాయి, చాలాసార్లు ఎవరూ కుట్ర పన్ని చేసేది కాదు, ఇద్దరు లాయర్లు ఒకరి ఫైలు ఒకరు చదవకపోవడం వల్ల జరిగేది.

వెంటనే మధ్యంతర స్టే వచ్చింది. 2021 ఏప్రిల్‌లో నీహారికా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ తీర్పు వచ్చాక, దర్యాప్తు నడుస్తుండగా ‘బలవంతపు చర్యలు వద్దు’ అని కారణాలు లేకుండా ఉత్తర్వులివ్వొద్దని సుప్రీంకోర్టు హైకోర్టులకి గట్టిగా చెప్పింది. ఆ తర్వాత వేసుంటే ఇంత తేలిగ్గా వచ్చేది కాదు. తుది వాదనలు 2021 చివర్లో జరిగాయి.

పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఫిర్యాదుదారు తరఫు సీనియర్ ఇద్దరూ పట్టుకున్న పాయింటు ఒకటే: అగ్రిమెంటు బతికుండగా 60 సెంట్లు ఇంకొకరికి అమ్మడం మోసం కాదా? వినడానికి బలంగా ఉంటుంది, బయట ఎవరినడిగినా మోసమే అంటారు. నా జవాబు మూడు అంగల్లో సాగింది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ప్రకారం అమ్మకం అగ్రిమెంటు వల్ల కొనేవాడికి భూమి మీద హక్కు పుట్టదు, కాబట్టి 2016లో ఆవిడ అమ్మింది తన భూమినే. రెండోది, 2016లో చేసిన పని 2014లో ఉన్న బుద్ధికి రుజువు కాదు, మధ్యలో గడువు దాటి పద్దెనిమిది నెలలు పైనే అయింది. మూడోది, ఆ రెండో కొనుగోలుదారుని దావాలో పార్టీగా చేర్చి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 19 కింద ఆయన మీద కూడా డిక్రీ అడిగే దారి సివిల్ చట్టంలో ఉంది, ఆ దారి ఈయన వాడుకున్నాడు కూడా. 2009 నాటి మహమ్మద్ ఇబ్రహీం తీర్పు కూడా చదివాను. తనది కాని భూమికి తన పేరుతోనే సేల్ డీడ్ రాసిచ్చినా అది ఫోర్జరీ కిందికి రాదని, అలాంటి అమ్మకంలో మోసపోయానని చెప్పుకోవాల్సింది కొన్నవాడే గానీ మూడో మనిషి కాదని అందులో ఉంది. ఇక్కడ ఏ-4 నిందితుల వరసలో నిలబడి ఉన్నాడు, ఆయన మోసపోయానని అనడమే లేదు.

406 తొందరగానే పోయింది. అడ్వాన్సుగా ఇచ్చిన డబ్బు అమ్మేవాడి డబ్బు అయిపోతుంది, అది నమ్మి అప్పగించిన సొత్తు కాదు, కాబట్టి నమ్మకద్రోహం సెక్షన్ రాదు. ఒకే డబ్బు మీద 420, 406 కలిపి రాసే అలవాటు స్టేషన్లలో ఎంత పాతుకుపోయిందంటే, 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు ఆ రెండూ ఒకే విషయంలో కలిసి ఉండవని మళ్లీ విడమర్చి చెప్పాల్సి వచ్చింది.

జడ్జి గారు ఎఫ్ఐఆర్ మొత్తం కొట్టేశారు. ఎఫ్ఐఆర్ ఎప్పుడు కొట్టేయొచ్చో చెప్పిన భజన్‌లాల్ తీర్పులోని ఏడు సందర్భాల్లో మొదటిది ఇక్కడ వర్తిస్తుందన్నారు, అంటే కంప్లయింట్‌లో రాసింది యథాతథంగా నిజమనుకున్నా నేరం కనిపించడం లేదని. ఇండియన్ ఆయిల్ కేసు నుంచి, సివిల్ తగాదాలకి క్రిమినల్ రంగు పూసి ఒత్తిడి తెచ్చే ధోరణిని ఆపాలన్న మాటని తీసుకున్నారు. అదే తీర్పులో, ఒకే సంఘటనకి సివిల్ బాధ్యతా నేరమూ రెండూ ఉండొచ్చని కూడా ఉంది. అది మర్చిపోయి ‘సివిల్ దావా ఉంది కాబట్టి క్రిమినల్ కేసు పోతుంది’ అని క్లయింటుకి మాట ఇచ్చే లాయర్లని చూస్తే నాకు బాధేస్తుంది. చివర్లో మామూలుగా ఉండే వాక్యం ఉంది: ఈ పరిశీలనలు ఈ పిటిషన్ వరకే, సివిల్ కోర్టు వీటి ప్రభావం లేకుండా తేల్చాలి. ఆ వాక్యం మమ్మల్ని కాపాడుతుందని నేను తర్వాత అనుకున్నాను. కాపాడలేదు.

సివిల్ వైపు ఏం జరిగిందో చూద్దాం. ట్రయల్ కోర్టులో ఖాళీ కాగితాల కథ మొదటి గంటలోనే కూలింది. డాక్యుమెంట్ రైటర్ బోనెక్కి, స్టాంపు కాగితం వెనక వెండరు వేసిన తేదీ, కొన్నవాళ్ల పేరు చూపించి, ఆ రోజే ఆవిడ ఎదుటే రాశానన్నాడు. కాగితం కొన్న తేదీ, అగ్రిమెంటు తేదీ ఒకటే. రెండో పేజీలో హద్దుల దగ్గర ఒక కొట్టివేత ఉంది, తూర్పు హద్దు పేరు తప్పు పడితే సరిచేశారు, ఆ కొట్టివేత పక్కన ఆవిడ పొట్టి సంతకం ఉంది. ఖాళీ కాగితం మీద ముందే సంతకం పెట్టిన మనిషి, తర్వాత ఎప్పుడో నింపేటప్పుడు పడిన తప్పు పక్కన సంతకం ఎలా పెడుతుంది? ఆ పొట్టి సంతకంతో మా డిఫెన్సు అయిపోయింది.

నిజానికి గెలిచే పాయింటు మా చేతిలోనే ఉంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 16(సి) ప్రకారం కొనేవాడు మొదటి నుంచీ డబ్బుతో, మనసుతో సిద్ధంగా ఉన్నానని రుజువు చేసుకోవాలి. లాయర్ల భాషలో రెడీనెస్ అంటే డబ్బు శక్తి, విల్లింగ్‌నెస్ అంటే నడవడిక. డబ్బు కట్టలు తెచ్చి కోర్టులో చూపించనక్కర్లేదు, కానీ సమకూర్చుకునే శక్తి ఉందని చూపించాలి. ఈయన క్రాస్ ఎగ్జామినేషన్‌లో 30 లక్షలు ఇంట్లో బీరువాలో ఉన్నాయన్నాడు. ఆయన దాఖలు చేసిన ఒకే ఒక బ్యాంకు పాస్‌బుక్కులో 2014 డిసెంబర్ బ్యాలెన్సు 41,300 రూపాయలు. ఐటీ రిటర్నులు లేవు. అంతకంటే ముఖ్యం, 156(3) కోసం ప్రమాణం చేసి వేసిన కంప్లయింట్‌లో తనకి జరిగిన నష్టం పెద్దదిగా చూపించడానికి ‘ఈ అగ్రిమెంటు నమ్మి వేరే వ్యక్తి దగ్గర 15 లక్షలు తీసుకున్నాను, భూమి ఆయనకి ఇస్తానని మాటిచ్చాను’ అని రాసుకున్నాడు. క్రిమినల్ కోర్టులో సానుభూతి కోసం రాసిన ఆ వాక్యం సివిల్ కోర్టులో ఆయన దగ్గర సొంత డబ్బు లేదని చెప్పేసింది. ఊళ్లో లాయరు గారు దాన్ని క్రాస్‌లో చూపించి ఎగ్జిబిట్‌గా మార్క్ చేయించారు, ఆ పని మాత్రం చక్కగా చేశారు.

అయినా 2020 మొదట్లో ట్రయల్ కోర్టు కొనుగోలుదారుకే డిక్రీ ఇచ్చింది. ప్రతివాది అబద్ధం చెప్పిందన్న కోపం తీర్పు నిండా కనిపిస్తుంది, సిద్ధంగా ఉండటం గురించి మాత్రం నాలుగు వాక్యాలే ఉన్నాయి. ప్రతివాది అబద్ధం ఆడినా వాది తన కాళ్ల మీదే నిలబడాలి, అది పాత సూత్రం. జిల్లా కోర్టు మొదటి అప్పీలులో 2022లో దాన్ని తిప్పేసింది: అగ్రిమెంటు నిజమే, కానీ వాది సిద్ధంగా లేడు, గడువు దాటాక రెండేళ్లకి పైగా మాట్లాడకుండా ఉండి రేటు పెరిగాక వచ్చాడు. ఇలాంటి మౌనం గురించి 1997లో విద్యానాథం కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటలే ఆధారం. మరి అడ్వాన్సు? ప్లెయింటులో రిఫండు అడగలేదు కాబట్టి, సెక్షన్ 22 ప్రకారం అడగనిది ఇవ్వలేమని దావా మొత్తం కొట్టేశారు. మావాళ్లు పండగ చేసుకున్నారు. అప్పుడు కూడా నేను ఆ ఐదో పేరా చదవలేదు.

కొనుగోలుదారు రెండో అప్పీలుతో హైకోర్టుకి వచ్చాడు. రెండో అప్పీలు అంటే సాక్ష్యాలన్నీ మళ్లీ చూడటం కాదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 కింద చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉండాలి, దాన్ని అప్పీలు విచారణకి తీసుకునే రోజే రాసిపెట్టాలి. రెండు ప్రశ్నలు రాశారు. ట్రయల్ కోర్టు కారణాలకి జవాబు చెప్పకుండా జిల్లా కోర్టు తీర్పు తిప్పేసిందా, అన్నది ఒకటి. రిఫండు నిరాకరించడం సరైనదేనా, అన్నది రెండోది. వాటితో పాటు రెండు ఐ.ఏ.లు వచ్చాయి: సెక్షన్ 22 ప్రొవైజో కింద ప్లెయింటు సవరించి రిఫండు అడగడానికి ఒకటి, ఆర్డర్ 41 రూల్ 27 కింద అదనపు సాక్ష్యం కోసం ఇంకొకటి. ఆ అదనపు సాక్ష్యం 2019 ఫిబ్రవరి నాటి అఫిడవిట్ సర్టిఫైడ్ కాపీ. నాలుగో పేరాకి పసుపు రంగు పూసి ఉంది. చివర నా సంతకం.

అప్పుడు తీసి చదివాను రిటెన్ స్టేట్‌మెంటు. ఒక కాగితంలో 4 లక్షల అప్పు, ఖాళీ సంతకాలు. ఇంకో కాగితంలో 10 లక్షల అడ్వాన్సు, అమ్మాలన్న ఉద్దేశం. రెండింటి కిందా అదే వేలు కూడబలుక్కుని పెట్టిన సంతకం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు ఆవిడది కాదు, శుక్రవారం సాయంత్రం కట్ట అడుగు దాకా చదవని నాది.

రూల్ 27 మీద పోరాడటానికి దారి ఉంది. ఆ అఫిడవిట్ నకలు 2019లోనే వాళ్లకి అందింది, ట్రయల్లో ఎందుకు వేయలేదు, శ్రద్ధ ఎక్కడుంది అని అడగొచ్చు. వాళ్లకీ సివిల్ లాయరు వేరు, హైకోర్టు లాయరు వేరు, వాళ్ల ఇంట్లోనూ అదే జబ్బు. ఎఫ్ఐఆర్ కొట్టేసిన క్వాష్ ఉత్తర్వులో చివరి వాక్యం ఉందనీ అనొచ్చు. అడ్మిషన్, అంటే పార్టీ ఒప్పుకున్న మాట, తిరుగులేని రుజువు కాదు, అప్పటి ఎవిడెన్సు చట్టం సెక్షన్ 31 ప్రకారం దాన్ని వివరించుకోవచ్చు అనీ అనొచ్చు. ఇవన్నీ రాసుకున్నాను. తర్వాత కుటుంబాన్ని పిలిచి రెండు పేరాలూ తెలుగులో చదివాను, ఏది నిజం చెప్పమ్మా అన్నాను. పెద్దకొడుకు ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ‘పది లక్షలు తీసుకున్నాం బాబూ. కాదని నేనెప్పుడన్నాను?’ అంది. రిటెన్ స్టేట్‌మెంటులో అలా రాసుందని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. భూమి పోకుండా చూడు, ఆయన డబ్బు ఆయనకి ఇచ్చేద్దాం అంది. క్లయింటు నోటి మాట చాలదు కాబట్టి రాతపూర్వకంగా ఇన్‌స్ట్రక్షన్స్ తీసుకున్నాను.

వాదనల రోజు జడ్జి గారు రెండు కాగితాలూ చెరో చేతిలో పట్టుకుని, కౌన్సెల్, మీ క్లయింటు ఈ కోర్టుకి చెప్పింది నిజమా, కింది కోర్టుకి చెప్పింది నిజమా అని అడిగారు. ఈ కోర్టుకి చెప్పిందే నిజం, 10 లక్షలు అందాయి, దాని మీద వాదించను అన్నాను. హాల్లో ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఎదుటి సీనియర్ ఈ వైరుధ్యం మీద గంటసేపు మాట్లాడటానికి సిద్ధమై వచ్చారు, ఆ గంట అక్కర్లేకుండా పోయింది. మిగిలిన సమయమంతా నాకు కావాల్సిన చోట గడిచింది: పాస్‌బుక్కులో 41,300, కంప్లయింట్‌లో 15 లక్షలు, రెండేళ్ల మౌనం. వాది సిద్ధంగా లేడన్నది సాక్ష్యం మీద జిల్లా కోర్టు తేల్చిన విషయం, అది వక్రంగా లేనప్పుడు సెక్షన్ 100 కింద కదిలించలేరు అన్నాను. దావా 2017ది, స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ ఇవ్వాలా వద్దా అన్న కోర్టు విచక్షణని తగ్గించిన 2018 సవరణ అప్పటికి లేదు, సవరణ తర్వాతైనా 16(సి) రుజువు తప్పదు కూడా అన్నాను.

2024 చివర్లో తీర్పు వచ్చింది. మొదటి ప్రశ్న మాకు అనుకూలం: జిల్లా కోర్టు ట్రయల్ కోర్టు కారణాలని ఒక్కొక్కటీ తీసుకుని జవాబు చెప్పింది, సిద్ధంగా లేడన్న నిర్ణయంలో తప్పు లేదు, స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ లేదు. రెండో ప్రశ్న వాళ్లకి అనుకూలం: ఏ దశలోనైనా ప్లెయింటు సవరణకి ప్రొవైజో వీలిస్తుంది, అప్పీలు దశ కూడా అందులోదే. అదనపు సాక్ష్యాన్ని వాది శ్రద్ధ చూసి కాదు, తీర్పు చెప్పడానికి కోర్టుకే అవసరమన్న రూల్ 27(1)(బి) కింద తీసుకున్నారు. క్వాష్ ఉత్తర్వులోని చివరి వాక్యం గురించి రాసింది జూనియర్లు చదవాలి: జడ్జి చేసిన పరిశీలన ఇంకో కోర్టుని కట్టేయదు, కానీ పార్టీ తాను ప్రమాణం చేసి చెప్పిన మాటకి ఆ రక్షణ వర్తించదు. భరత్ సింగ్ వర్సెస్ భాగీరథి తీర్పు ప్రకారం అడ్మిషన్ దానంతట అదే సాక్ష్యం. ఇక్కడ దాన్ని ఎవరూ కాదనలేదు కూడా. అగ్రిమెంటులో అడ్వాన్సు జప్తు చేసుకునే షరతు లేదు కాబట్టి 10 లక్షలు మొత్తం, దావా తేదీ నుంచి 6 శాతం వడ్డీతో, మూడు నెలల్లో కట్టాలన్నారు. వాది 18 శాతం అడిగాడు. దావాకి ముందు కాలానికి వడ్డీ ఇవ్వలేదు. ఎవరి ఖర్చులు వాళ్లవే. 2016లో 60 సెంట్లు కొన్నాయన సేల్ డీడ్ జోలికి ఎవరూ వెళ్లలేదు.

ఆ రోజు 10 లక్షలు కాదని పోరాడి ఉంటే ఏమయ్యేదని జూనియర్ అడిగాడు. 4 లక్షల దగ్గర ఆగేదేమో, ఎవరు చెప్పగలరు. కానీ ఆ పోరాటంలో జడ్జి గారికి ఆవిడ మాట మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయేది, అప్పుడు సిద్ధంగా లేడన్న పాయింటు కూడా ట్రయల్ కోర్టులో లాగే కోపంలో కొట్టుకుపోయేదని నా గట్టి నమ్మకం. ఇప్పుడు నా ఆఫీసులో క్వాష్ పిటిషన్ రాసేముందు సివిల్ ఫైలులోని రిటెన్ స్టేట్‌మెంటు పేరా పేరా చదివి, తేడా ఉన్నచోట ఎర్ర పెన్నుతో గీసి, క్లయింటుని కూర్చోబెట్టి అడుగుతాం. ముందే తేడా దొరికితే ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ ప్రయత్నించొచ్చు, ఒప్పుకున్నది వెనక్కి తీసుకోవడం కంటే కాదన్నది ఒప్పుకోవడానికి కోర్టులు సవరణ తేలిగ్గా ఇస్తాయి. శుక్రవారం సాయంత్రమైనా సరే, ఆ పని అయ్యాకే అఫిడవిట్.

అసలూ వడ్డీ కలిపి 14 లక్షల 20 వేలు దాటింది. ఆవిడ మిగిలిన ఎకరంలో 30 సెంట్లు అమ్మి, గడువుకి పదకొండు రోజుల ముందే కింది కోర్టులో డిపాజిట్ చేసింది. చలానా నకలు నాకు పంపమని చెప్తే కొడుకుని పంపకుండా తనే బస్సెక్కి వచ్చి ఇచ్చింది. ఇక సంతకాలు పెట్టే పనేం లేదు కదా బాబూ అని అడిగింది. లేదమ్మా అన్నాను. డిక్రీ అమలు కోసం వేసే ఈ.పీ. పడలేదు, అవతలివాళ్లు సుప్రీంకోర్టుకీ వెళ్లలేదు, రెండు ఫైళ్లూ కలిపి ఒకే తాడుతో కట్టి రికార్డు గదిలో పెట్టించాను.